మూడు పిడికిళ్ళ బియ్యం

"నీ వయసెంత మామ్మా?" అని అడిగితే మా మామ్మ అంకె చెప్పేది కాదు. "రాజమండ్రి దగ్గర గోదారి మీద తొలి రైలు నడిచిన ఏడు పుట్టానర్రా" అనేది. అంటే 1900. మీరు నవ్వుతారుగానీ, ఆ రోజుల్లో మనిషి వయసుకి అదే లెక్క. ఫలానా వరదకి పాకుతున్నాడు, ఫలానా పుష్కరాలకి ఒడుగు అయింది, ఫలానా గాలివానకి ఆవిడ నిండు నెలలతో ఉంది, ఇలా సాగేది. ఒక్క మనిషి వయసు అడిగితే ఊరి చరిత్రంతా విని లేవాలి. మామ్మ వాళ్ళ అమ్మమ్మయితే ధవళేశ్వరం ఆనకట్టకి రాళ్ళు చేరవేస్తుంటే కళ్ళారా చూసిందట. కాటన్ దొర 1852లో దాన్ని పూర్తిచేసి కాలవలకి నీళ్ళు వదిలాడు. అందుకే మామ్మ పొద్దున్నే నూతి దగ్గర చెంబుడు నీళ్ళు నెత్తిన పోసుకుంటూ గోదారికి దండం పెట్టాక దొరకీ ఒక దండం పెట్టేది.

మా ఊరు కోనసీమలో, ముక్తేశ్వరం రేవు దాటి ఇంకాస్త లోపలికి. చుట్టూ పాయలే. కాకినాడ వెళ్ళాలంటే పడవెక్కి అవతల కోటిపల్లి రేవులో దిగాలి. వంతెనలూ బస్సులూ ఎరిగిన మీకు ఈ సంగతి ఊహకందదు. పడవ తప్పిపోతే రేవులోనే పడుకుని మర్నాడు వెళ్ళేవారు, దానికెవరూ కంగారు పడేవారు కాదు. పది గంటల పడవ అంటే పది గంటలకి వచ్చే పడవ కాదు, పదిమంది పోగయ్యాక కదిలే పడవ.

మామ్మ పద్నాలుగో ఏట కాపురానికి వచ్చింది. అత్తింట్లో రెండు పూటలా పాతికకి తక్కువ కాకుండా విస్తళ్ళు లేచేవి. పొలం ఉంది, కొబ్బరితోట ఉంది, పాడి ఉంది, ఇవన్నీ ఉన్న ఇంట్లో ఆడదానికి తీరిక మాత్రం ఉండేది కాదు. వేగుచుక్క పొడవగానే లేచేది. కల్లాపి, ముగ్గు, పాలు పితకడం, చల్ల చిలకడం, ఆ తర్వాత గాడిపొయ్యి రాజెయ్యడం. మధ్యాహ్నం మగవాళ్ళు కునుకు తీస్తుంటే ఆడవాళ్ళ దంపుళ్ళు మొదలయ్యేవి. ఇప్పుడు మిల్లు నుంచి బస్తా వచ్చి పడుతోంది కదా, అప్పుడు వడ్లు రోట్లో పోసి రోకళ్ళతో దంచి, చేటతో చెరిగితేనే బియ్యం. గింజగింజకీ ఒక దారి ఉండేది. నిండుగింజ అన్నానికి, నూక ఉప్మాకీ జావకీ, తవుడు ఆవులకి, చిట్టు కోళ్ళున్న వాళ్ళకి, ఊక కుమ్మరి ఆవానికి. చేటలోంచి మామ్మ ఏదీ ఊరికే పారెయ్యగా నేను చూడలేదు.

ఇక్కడ కొలతల సంగతి చెప్పాలి, లేకపోతే అసలు కథ మీకు అర్థం కాదు. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అంటే కుంచానికి 64 గిద్దలు. కిలోలూ గ్రాములూ వచ్చి ఇవన్నీ అటకెక్కాయిగానీ, అక్షరం ముక్క రాని మామ్మ ఈ లెక్కలో కరణాన్ని కూడా తప్పు పట్టేది. బియ్యం కొలిచి ఇచ్చే అధికారం మాత్రం అత్తగారిది, అంటే మా తాతమ్మది. గాదె గది తాళం ఆవిడ బొడ్లోనే. పొద్దుటి పూటకి ఇన్ని మానికలు, రాత్రికి ఇన్ని అని తలకొట్టి మరీ పోసేది. తలకొట్టడమంటే అంచు మీద చెయ్యి రాసి, పైన లేచిన గింజల్ని దింపెయ్యడం.

ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికిలి వెనక్కి తీసి, మూలనున్న ముంతలో వెయ్యడం ఆ ఇంటి ఆనవాయితీ. అది దేవుడి పిడికిలి. ముంత నిండితే గుడికో, ముష్టికొచ్చిన వాళ్ళకో వెళ్ళేది. చాలా ఇళ్ళల్లో ఉన్న అలవాటే.

ఆ రోజుల మర్యాదలు కూడా అలాగే ఉండేవి. పెరుగు అమ్మేవారు, నెయ్యి అమ్మేవారు, కానీ చల్ల అమ్మడమంటే తలవంపు. ముంత పట్టుకుని ఎవరొచ్చినా పొయ్యాల్సిందే. వచ్చిన వాళ్ళు మాత్రం తిన్నగా అడిగేవారా? "అన్నయ్యగారు ఊళ్ళో ఉన్నారా, ఆవు ఈనిందా" అని లోకాభిరామాయణం అంతా అయ్యాక కొంగు చాటునుంచి ముంత బయటికి వచ్చేది. చల్లకొచ్చి ముంత దాచడం అనే సామెత ఊరికే పుట్టలేదు. మామ్మ వాళ్ళని అంతసేపు ఇబ్బంది పెట్టేది కాదు. గుమ్మంలో అడుగు పెట్టగానే "ఏదీ, ముంత ఇటియ్యి, మాటలు తర్వాత" అనేది. నెయ్యి అమ్మిన డబ్బులు మాత్రం ఆడవాళ్ళవే. ఎంత చండశాసనుడైన మామగారైనా వాటి జోలికి వచ్చేవాడు కాదు. ఆ కాస్త నెయ్యి డబ్బు ఎన్ని సంసారాలని నిలబెట్టిందో ఏ చరిత్ర పుస్తకంలోనూ ఉండదు.

సరే, నెయ్యి దగ్గర ఆగిపోతే తెల్లారిపోతుంది. అసలు సంగతి మా మేనత్తది.

మీరు శారదా చట్టం పేరు వినే ఉంటారు. 14 ఏళ్ళు నిండని ఆడపిల్లకీ, 18 నిండని మగపిల్లాడికీ పెళ్ళి చెయ్యకూడదని 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. చట్టం వస్తోందని తెలిసి ఆ ముందు నెలల్లో జనం పరుగులు పెట్టి పెళ్ళిళ్ళు చేసేశారు. ముహూర్తాలు చాలక పురోహితులు ఒక పందిరి నుంచి ఇంకో పందిరికి పరిగెత్తేవారట. గడువు దాటాక ఏం చెయ్యాలి? మనవాళ్ళ బుర్రకి తోచని ఉపాయం ఉంటుందా! పక్కనే యానాం ఉంది. అది ఫ్రెంచివాళ్ళది, ఇంగ్లీషువాళ్ళ చట్టం అక్కడ చెల్లదు. పడవెక్కి అక్కడ దిగడం, మూడు ముళ్ళూ వేయించడం, మళ్ళీ పడవెక్కడం. పెళ్ళివారి తాకిడికి యానానికి కల్యాణపురం అనే పేరే వచ్చింది. పిల్లకి మంచి జరగాలని తెచ్చిన చట్టాన్ని తప్పించుకోవడానికి, ఆ పిల్లనే చంకనేసుకుని గోదారి దాటడం చూడండి. చెడ్డవాళ్ళేం కాదు, మంచివాళ్ళే. నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం మంచివాళ్ళ చేత చేయించని పని లేదు.

మా మేనత్త పెళ్ళి కూడా యానాంలోనే అయింది, 1933లో. ఆ పిల్లకి తొమ్మిదేళ్ళు. మామ్మకి ఇష్టం లేదు, కానీ అడిగిన వాళ్ళెవరు? పెళ్ళికొడుకు కాకినాడలో చదువుకుంటున్న కుర్రాడు. మూడేళ్ళు తిరక్కుండానే విషజ్వరం వచ్చి పోయాడు. అత్తయ్య ఇంకా కాపురానికి వెళ్ళనే లేదు, పెరట్లో గవ్వలాట ఆడుకుంటోంది. కబురు తెచ్చిన మనిషి అరుగు మీద కూలబడితే, ఆడుకుంటున్న పిల్లే వెళ్ళి ఆయనకి మంచినీళ్ళిచ్చిందట.

తర్వాత పెద్దలు కూర్చున్నారు. ఏమేం చెయ్యాలో, ఏ రోజున చెయ్యాలో, మంగలికి ఎప్పుడు కబురు పెట్టాలో చావట్లో మాట్లాడుకుంటున్నారు. ఆ రోజుల్లో కోడలు మామగారి ఎదుట నోరెత్తేది కాదు, మొగుడి పేరు పలికేది కాదు, తలుపు చాటు దాటేది కాదు. మామ్మ తలుపు చాటునుంచి బయటికి వచ్చి, అందరి మధ్యా నిలబడి, "నా పిల్ల తల మీద చెయ్యి వేసేవాళ్ళు ముందు నన్ను గోదాట్లో దింపి రండి" అంది. అంతే. రెండో మాట లేదు. లోపలికి వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది. ఆవిడ గొంతు మామగారు వినడం అదే మొదలట. మా తాత మెత్తని మనిషి, అటూ ఇటూ చెప్పలేక పై పంచెతో మొహం తుడుచుకుంటూ ఉండిపోయాడు. పెద్దలు కాసేపు గొణిగి, తాంబూలాలు పుచ్చుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు.

పిల్లని చదివిస్తానంది మామ్మ. రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం చేయించింది 1881లో. అప్పటికి యాభై ఏళ్ళు దాటినా మా ఊళ్ళో ఆయన పేరు తగ్గు గొంతుతోనే చెప్పుకునేవారు. కాకినాడ గాలి వేరు. పిఠాపురం రాజావారి కాలేజీలో రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ఆడపిల్లల్ని ఏనాడో చేర్చుకున్నారు. దుర్గాబాయిగారు చిన్నవయసులోనే ఆడవాళ్ళకి హిందీ బడి పెట్టింది ఆ ఊళ్ళోనే. ఆ దుర్గాబాయిగారే 1923 కాంగ్రెసు సభలప్పుడు వాలంటీరుగా ఉండి, టిక్కెట్టు లేదని నెహ్రూగారిని గేటు దగ్గర ఆపేసింది. ఆ ముచ్చట మామ్మ ఎన్నిసార్లు చెప్పేదో! "పద్నాలుగేళ్ళ పిల్లే, అంత పెద్దమనిషిని ఆపింది" అని చెబుతూ మా అత్తయ్య వైపు చూసేది.

కాకినాడలో దూరపు చుట్టాలింట్లో పిల్లని పెట్టారు. వాళ్ళు కలిగినవాళ్ళు కాదు, ఆ మాటకొస్తే బియ్యమూ అడగలేదు. కానీ ఒకరింట్లో ఊరికే తినకూడదనేది మామ్మ పట్టుదల. గాదెలోంచి తీసి పంపడానికి తాళం ఆవిడ చేతిలో లేదు. అందుకని ఎసట్లో పోసేముందు దేవుడి పిడికిలి కాక ఇంకో మూడు తీయడం మొదలుపెట్టింది. దేవుడి ముంత పక్కన ఒక కుండ వెలిసింది. లెక్క మీరే కట్టండి. పిడికిలంటే రమారమి గిద్ద. పూటకి 3, రోజుకి 6, నెలకి 180. కుంచానికి 64 చొప్పున మూడు కుంచాలకి ఓ పన్నెండు గిద్దలు తక్కువ. ఎదిగే పిల్లకి నెల గడుస్తుంది. మామ్మ ఈ లెక్క వేళ్ళ కణుపుల మీద కట్టింది.

కొలిచి పోసిన బియ్యంలోంచి మూడు పిడికిళ్ళు పోతే ఆ తరుగు ఎవరి విస్తట్లో పడుతుందో తెలుసా? చివర్న తినేవాళ్ళ విస్తట్లో. చివర్న తినేది ఎప్పుడూ మామ్మే. కొన్నాళ్ళు గంజీ, ఇంత చల్లా తాగి లేచిపోయేది. తాతమ్మ ఇది చూసింది. ఆవిడ కఠినురాలని ఊరంతటికీ పేరు, ఒక్క మాట మెత్తగా అనేది కాదు. కుండ గురించి అడగలేదు. కోడలు చిక్కిపోయిందనీ అనలేదు. ఒకరోజునుంచి మానిక తలకొట్టడం మానేసింది. గింజలు కుప్పగా లేచి జారిపోతున్నా అలాగే పోసేసి తాళం వేసుకుని వెళ్ళిపోయేది. వాళ్ళిద్దరూ బతికున్నన్నాళ్ళూ ఈ సంగతి మీద ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. అత్తాకోడళ్ళంటే తగువులేనని సినిమాలు చూసి అనుకుంటారు మీరు.

బియ్యం సంచి మామ్మ స్వయంగా కుట్టింది, పాత దుప్పటి రెండు మడతలు వేసి. నెలకోసారి పడవలో కోటిపల్లి, అక్కణ్ణించి రైల్లో కాకినాడ. అవును, అప్పుడు కోటిపల్లికి రైలుండేది. 1928లో వేశారు. ఖాళీ సంచి మళ్ళీ అదే దారిన వెనక్కి రావాలి. రాకపోతే మామ్మ ఊరుకునేది కాదు.

అత్తయ్య కార్డు రాసేది. ముప్పాతిక అణా కార్డు. మా పోస్టుమాను బంగారంలాంటి మనిషిగానీ, కార్డుని అరుగు మీద నిలబడి వీధంతటికీ వినిపించేలా చదివేవాడు. చదువురాని వాళ్ళకి అది ఉపకారమే, కానీ ఇంక అందులో మనసులో మాట ఏం రాసుకుంటారు? అందుకని తల్లీకూతుళ్ళు ఒక ఏర్పాటు చేసుకున్నారు. "బియ్యం అందాయి, సరిపోయాయి" అంటే కులాసా. "బియ్యం కొంచెం తక్కువ పడ్డాయి" అంటే బెంగగా ఉందని. తక్కువ పడ్డాయని కార్డు వచ్చిన వారం మామ్మ ఏదో వ్రతమనో మొక్కనో చెప్పి కాకినాడ ప్రయాణం కట్టేది. "మొన్నేగా మూడు కుంచాలు పంపావు, అంతా ఏం చేసింది?" అని తాత ఆశ్చర్యపోయేవాడు.

యుద్ధం వచ్చింది. 1940లో కోటిపల్లి రైలు పట్టాలు ఊడబెరికి పట్టుకుపోయారు. యుద్ధానికి ఇనుము కావాలిట. మళ్ళీ ఆ లైను వెయ్యడానికి 2004 దాకా పట్టింది. అప్పట్నించీ సంచి ఎడ్లబండి మీద వెళ్ళేది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. కాకినాడ కాకినాడంతా సామాను నెత్తిన పెట్టుకుని పల్లెలకి బయల్దేరింది. కబురు విన్న గంటలో మామ్మ పాలేర్ని వెంటబెట్టుకుని రేవుకి వెళ్ళింది, అవతల బండి కట్టించింది. దారి పొడుగునా బళ్ళూ మనుషులూ ఎదురొస్తున్నారు. పిల్లలు, మంచాలు, కోళ్ళగంపలు. "ఎక్కడికమ్మా, అటు బాంబులు పడుతుంటే!" అని ప్రతివాళ్ళూ ఆపేవారట. "మా పిల్లుందక్కడ" అనడం, ముందుకి పొమ్మనడం. అంత జనంలో కాకినాడ వైపు వెళ్తున్నది అదొక్క బండే. పిల్లని ఇంటికి తెచ్చుకుంది. ఊరు సద్దుమణిగి బళ్ళు తెరిచాక, నేను వెళ్ళనని పిల్ల ఏడుస్తున్నా వినక, మళ్ళీ తనే తీసుకెళ్ళి దింపింది. ఈ రెండో ప్రయాణమే ఎక్కువ కష్టమైందని చెప్పేది.

అత్తయ్య ట్రైనింగు పూర్తిచేసి పంతులమ్మ అయింది. 1952 జనవరిలో తొలి ఎన్నికలు. అంతకుముందు ఓటర్ల పేర్లు రాసుకోవడానికి మనిషి వస్తే మామ్మ "ఫలానా వారి ఇల్లాలు" అంటూ తాత పేరు పలకలేక, తన పేరు చెప్పడానికి సిగ్గుపడి ఊరుకుంది. ఇలా పేరు చెప్పక ఫలానావారి భార్య, ఫలానావాడి తల్లి అని రాయించుకోవడం వల్ల దేశం మొత్తం మీద దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు జాబితాల్లోంచి తీసెయ్యవలసి వచ్చింది. సెలవలకి ఇంటికొచ్చిన అత్తయ్య ఆ మనిషి చేతిలో కాగితం తీసుకుని తల్లి పేరు పూర్తిగా రాసిచ్చింది. ఆ పేరు నేనిక్కడ చెప్పను, పెద్దవాళ్ళ పేర్లు పలికే అలవాటు మాకు లేదు. అప్పట్లో ప్రతి అభ్యర్థికీ ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. మామ్మ ఏ పెట్టెలో వేసిందో తాతకి కూడా చెప్పలేదు. "రహస్యమని చెప్పారుగా" అంది.

మరుసటేడు, 1953 ఆగస్టులో, గోదారి గట్లు తెగాయి. ఆంధ్ర రాష్ట్రం రావడానికి ఇంకా రెండు నెలలైనా లేదు. అప్పటికి నాకు ఏడేళ్ళు, బాగా గుర్తు. ఇంట్లో నడుం లోతు నీళ్ళు. అందరం గుడి మండపం ఎక్కాం. మగవాళ్ళు దస్తావేజుల పెట్టె తెచ్చారు, మా పిన్ని నగల మూట తెచ్చింది, ఒకాయన గోడ గడియారం చంకనేసుకొచ్చాడు. మామ్మ ఒక్కతే పిడికిళ్ళ కుండ నెత్తిన పెట్టుకుని వచ్చింది. నిప్పు రాజుకోవడానికే పూటంతా పట్టింది. తడిసిన కొబ్బరి మట్టలు పొగే ఇచ్చాయి తప్ప మండలేదు. గంజి కాచి, మండపంలో ఉన్న పిల్లలందరికీ ముందు పోసింది. ఎవరి పిల్లలని చూడలేదు, ఏ పేట వాళ్ళని అడగలేదు. మడీ ఆచారం అంత పట్టింపుగా పాటించే మనిషి ఆ రెండు రోజులూ వాటిని అటక మీదే వదిలేసి వచ్చినట్టుంది.

నయాపైసలు వచ్చినప్పటి తమాషా చెప్పకపోతే నాకు తోచదు. 1957 ఏప్రిల్ నుంచి రూపాయికి 100 పైసలన్నారు. అంతకుముందు 16 అణాలు. అణాకి 6 నయాపైసలు, పావలాకి 25. కొట్టువాళ్ళు కళ్ళు తేలేస్తుంటే మామ్మ రెండ్రోజుల్లో కిటుకు పట్టేసింది. నాలుగు అణాలు విడివిడిగా మారిస్తే 24, కలిపి మారిస్తే 25. అప్పట్నించీ ఈనెల చీపురు ఒక్కటి ఇమ్మంటే ఇచ్చేది కాదు, "నాలుగు పట్టుకెళ్ళు, పావలా ఇయ్యి" అనేది. అడిగినవాడు ఒప్పుకోకపోతే ఆ ఒక్క పైసా లెక్క అరుగు మీద కూర్చోబెట్టి గవ్వలతో చెప్పేది. పైసా దగ్గర అంత గట్టి మనిషి, చల్ల మాత్రం ముంతలకి ముంతలు పోసేసేది.

మామ్మ మమ్మల్ని ముద్దుచేసిన గుర్తు లేదు. కథలు చెప్పే ఓపికా ఉండేది కాదు, కూర్చుంటే కునికేది. కానీ ఎవరికి మీగడ పడదో, ఎవరికి మాగాయ టెంక కావాలో, ఏ కోడలు పుట్టింటి ఊసు వస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందో అన్నీ తెలుసు. మా అమ్మకి నెలసరి నొప్పి వచ్చినప్పుడల్లా మామ్మకి హఠాత్తుగా కారం దంచాలనిపించేది. "నువ్వు దంచితే నలగదు, అవతలికి పో" అని కసిరి, అమ్మని గదిలోకి తరిమి తనే దంచేది. చాలా ఏళ్ళు మా అమ్మ దాన్ని తిట్టే అనుకుంది.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఆ వరద కూడా చూసింది మామ్మ, మేడ మీద మంచంలో కూర్చుని. "యాభై మూడు నాటిదే పెద్దది" అని వాదించింది. అప్పుడు మండపం మెట్లు ఎన్ని మునిగాయో తనే లెక్కపెట్టానంది. 1989 మాఘమాసంలో, పొద్దున్న కాఫీ తాగి, గ్లాసు కడిగిపెట్టమని ఇచ్చి, పోయింది.

పిడికిళ్ళ సంగతి మిగిలిపోయింది. అత్తయ్యకి ఉద్యోగం వచ్చాక కూడా కుండ నిండడం ఆగలేదు, సంచి వెళ్ళడమూ ఆగలేదు. పల్లెల్లో హైస్కూళ్ళు లేని రోజులు. ఆడపిల్లని చదివించాలని ఉన్నా పట్నంలో ఎక్కడ ఉంచాలో తెలియక అయిదో క్లాసుతో మాన్పించేసేవారు. అలాంటి పిల్లల్ని అత్తయ్య తన ఇంట్లో పెట్టుకునేది, ఒక్కోసారి నలుగురు, ఒక్కోసారి ఆరుగురు. వాళ్ళల్లో నర్సులైనవాళ్ళున్నారు, టీచర్లయినవాళ్ళున్నారు, ఒకామె పోస్టాఫీసులో చేరింది. అందరూ ఆ సంచి బియ్యం తిన్నవాళ్ళే. తాళంచెవులు మామ్మ బొడ్లోకి వచ్చాక సంచి కాస్త పెద్దదైంది, కానీ అడుగున మూడు పిడికిళ్ళ కుండ బియ్యం పోశాకే పైన గాదె బియ్యం పోసేది.

ఒక సంక్రాంతికి అత్తయ్య అడిగింది, నేను అక్కడే గారెలు తింటున్నాను.

"నాకు జీతం వస్తోంది కదమ్మా, ఇంకా ఈ బియ్యం మోయించడం ఎందుకు?"

"నీ జీతం నీది, బియ్యం పిల్లలవి" అంది మామ్మ, గారె బాణలిలో తిప్పుతూ. "కిందటి నెల సంచి ఇంకా రాలేదు. అది ముందు పంపు."